కుడిచంక కుట్టు

నాలుగింటికి డాక్టరమ్మ వస్తుంది. వచ్చి మా ఆవిడ మంచం పక్కన నిలబడుతుంది. ఏదో ఒకటి, ఏదైనా సరే ఒక్కటి, ఆవిడకి తెలుస్తున్నట్టు కనిపిస్తే ఇక్కడే ఉంచి చేతికీ మాటకీ నేర్పే పని సాగిస్తారు, కనిపించకపోతే రేపు బండెక్కించి ఊరి చివర ఉన్న మంచాల ఇంటికి పంపిస్తారు, అక్కడ తినిపిస్తారు, తుడుస్తారు, వేళకి పక్క మారుస్తారు, అంతే, నేర్పరు, అక్కడికి వెళ్ళినవాళ్ళు నేర్చుకోరని ముందే తేల్చేసి ఉంటారు కనుక. ఇప్పుడు మూడు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను, ఒళ్ళో బ్యాంజో పెట్టె, పక్కన మరదలు, ఎదురుగా గోడకి గడియారం, దాని కింద శబ్దం చేయరాదని బోర్డు. నేను శబ్దం చేయడానికే వచ్చాను. నర్సు ఒప్పుకుంది, తలుపు వేసుకుని కాసేపు వాయించుకోమంది, ఇదివరకు కూడా ఒప్పుకుంది, వాయించిన ప్రతిసారీ మా ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. మొదటిసారి తిప్పినప్పుడు నేను ఎగిరి గంతేసినంత పని చేశాను, చూశారా తెలిసింది, తిరిగింది అని, డాక్టరమ్మ మాత్రం చప్పుడుకి ఎవరైనా తల తిప్పుకుంటారండీ, దాన్ని లెక్కలోకి తీసుకోలేం అంది. చెయ్యి ఎత్తమంటే ఎత్తదు, కళ్ళు మూయమంటే మూయదు, కుడిపక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది, మాట పోవడం ఒకటే కాదు, మెదడులో ఎదుటివాళ్ళ మాట అర్థమయ్యే చోటు కూడా దెబ్బతిందట. మరి మాట కానిది ఏదైనా అర్థమవుతుందా అని అడిగాను. ప్రయత్నించండి, ఆవిడ చేతికి బాగా అలవాటైనది ఏదైనా చూడండి అంది. చేతికి అలవాటైనది అంటే ఇదే. ఇది నాకు రాదు.

పెట్టె కొక్కెం తీసి చూశాను, మళ్ళీ వేశాను. ఒక డప్పు, డప్పుకి పొడుగాటి మెడ, మెడ మీద నాలుగు తీగలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోతాయి, ఐదోది మాత్రం మెడ సగంలో పుడుతుంది, సగం దారిలో బస్సెక్కిన మనిషిలాగా, దాన్ని బిగించే మర కూడా పక్కన విడిగా ఉంటుంది. అది పొట్టి తీగ. దాన్ని బొటనవేలే మీటాలి, ఇంకో వేలు ముట్టకూడదు. ఈ సంగతి కూడా నాకు తెలియదు మాస్టారి దగ్గరికి వెళ్ళేదాకా, ఆ వస్తువు మా ఇంట్లో పెళ్ళినాటి నుంచీ ఉన్నా సరే. మాస్టారు నాకన్నా చిన్నవాడు, వాయిద్యాల కొట్టు పైన గదిలో పాఠాలు చెబుతాడు. ఏ పద్ధతి నేర్చుకుంటారండీ అన్నాడు. బ్యాంజో పద్ధతే అన్నాను. బ్యాంజోలో ఏ పద్ధతి అన్నాడు. మా ఆవిడ వాయించే పద్ధతి అన్నాను. ఆవిడ ఎలా వాయిస్తారు అన్నాడు. బాగా వాయిస్తుంది అన్నాను. అతను నవ్వలేదు, నవ్వొచ్చినా ఆపుకున్నట్టుంది, నా చేతిలోంచి బ్యాంజో తీసుకుని ఒక్కోటీ చూపించాడు, ఇదిగో ఇది బిళ్ళ పట్టుకుని తీగలన్నీ కలిపి గీసేది, డాన్సు బృందాల్లో వాడతారు, ఇది రెండు వేళ్ళది, ఇది మూడు వేళ్ళది, మూడు వేళ్ళకీ తొడుగులు పెట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి పొర్లించాలి, ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారు, ఇంకోటుంది, గోటితో పైనుంచి కొట్టేది, పాతకాలపు ముసలమ్మల పద్ధతి, ఎవరూ అడగట్లేదు. అని అది కూడా ఒక నిమిషం వాయించి ఆపేశాడు. ఆ నిమిషంలో నేనేం చేస్తున్నాను? బయట వర్షం పడుతోంది, సైకిల్ సీటు మీద సంచీ కప్పానా లేదా అని కిటికీలోంచి చూస్తున్నాను. కప్పలేదు, సీటు తడిసిపోతోంది.

పెట్టెలో చిన్న అర ఉంది, అందులో ఇనప తొడుగు ఒకటి ఉంది, ఒకటే. ఆ రోజు దాన్ని తీసి చూపుడువేలికి పెట్టుకున్నాను, అంగుస్తానా పెట్టుకున్నట్టే, సూదిని నెట్టేటప్పుడు వేలికి గుచ్చుకోకుండా మేము తొడుక్కుంటామే అలా, రేకు గోరు మీదికి వచ్చేలా. అప్పుడు మాత్రం మాస్టారు నవ్వేశాడు. "టైలర్ గారూ, గోరు మీదికి కాదండీ, లోపలి వైపుకి. తీగ తగిలేది వేలి కండకి కదా." నేనూ నవ్వాను. ఒకటే ఉందేమిటి, ఇనపవి రెండు, బొటనవేలికి ప్లాస్టిక్‌ది ఒకటి ఉండాలే అన్నాడు. పోయుంటాయి అన్నాను. ఇంటికెళ్ళి మంచం కింద వెతికాను, గుండీల డబ్బాలన్నీ నేల మీద బోర్లించి వెతికాను, మిషన్ సొరుగులో బాబిన్ల మధ్య వెతికాను, దొరకలేదు. మూడూ కొత్తవి కొన్నాను. ఆవిడది ఆ అరలోనే ఉండిపోయింది. అప్పటి నుంచీ పొర్లింతలే, బొటన చూపుడు మధ్య బొటన, చూపుడు బొటన మధ్య బొటన, కొట్లో గిరాకీ లేనప్పుడల్లా, కాజాలు కుడుతూ కూడా నోట్లో అదే జపం, కొలతలివ్వడానికి వచ్చినాయన నడుముకి టేపు చుట్టి బొటన చూపుడు మధ్య అన్నాను, ఆయన ఎంతొచ్చిందయ్యా అని అడిగాడు. చిటికెనవేలు డప్పు మీద ఆనించి ఉంచాలి, అది లేవకూడదు, మణికట్టు కదలొచ్చు, మోచెయ్యి కదలకూడదు. మోచెయ్యి, మోచెయ్యి అని మాస్టారు పెన్సిల్‌తో తట్టేవాడు. కదలకుండా ఉండడం నాకు వచ్చు, గుడ్డ మీద చెయ్యి కదిలితే కుట్టు వంకర పోతుంది. అది ఒక్కటే త్వరగా వచ్చింది. ఆ పొర్లింతలు వాయిస్తేనే మా ఆవిడ మొహం తిప్పుకుంది.

మందుల బండి వెళ్తోంది, దాని చక్రం ఒకటి కీచుమంటోంది, ఒక చుట్టుకి ఒకసారి, నూనె చుక్క వేస్తే పోతుంది, ఎవరూ వేయరు. మరదలు బ్యాగులోంచి నీళ్ళసీసా తీసి నాకిచ్చింది, వద్దన్నాను, తనూ తాగకుండా మూత పెట్టేసింది.

"బావా, నిజం చెప్పనా. కోప్పడకూడదు."

"చెప్పు."

"ఆ మంచాల ఇల్లు నేను వెళ్ళి చూసొచ్చాను. శుభ్రంగానే ఉంది. కిటికీలున్నాయి."

"కిటికీలు ఇక్కడా ఉన్నాయి."

"నువ్వు అద్దంలో చూసుకున్నావా ఈ మధ్య? మనిషివి సగమయ్యావు. అక్కకి తెలిస్తే..."

"తెలిస్తే అనేదే కదా ఇప్పుడు గొడవంతా."

తను నవ్వింది, నవ్వి కళ్ళు తుడుచుకుంది. "తెలిస్తే ఊరుకుంటుందా బావా అది? చిన్నప్పుడు నేను ఎక్కం తప్పు చదివితే నిద్రలోంచి లేచొచ్చి కొట్టేసి మళ్ళీ పడుకునేది. పొద్దున అడిగితే నాకేం తెలీదే అనేది." నాకు తెలియదా. నా చొక్కా గుండీ ఒకటి కిందికి పైకి పెట్టుకుంటే బజారులో నిలబెట్టి విప్పి మళ్ళీ పెట్టేది, నలుగురికీ గుండీలు కుట్టేవారు మీకు పెట్టుకోవడం రాదు అనేది. నా పాటని, అంటే కూనిరాగాన్ని, మధ్యలో ఆపి శ్రుతి సరిచేసేది. నన్ను నలుగురిలో మీరు అనేది, నాలుగు గోడల మధ్య నువ్వు, కోపమొస్తే మళ్ళీ మీరు. మీ మిషన్‌కీ వాళ్ళ వాయిద్యానికీ తేడా ఏముందండీ, అంది ఒకసారి, రేడియోలో ఎవరో బ్యాంజో వాయిస్తుంటే, టకటకటకటక అదే పోత, ఊపిరాడనివ్వరు. ఎప్పటి మాటో. నేను మిషన్ తొక్కుతూనే ఉన్నాను, నా మిషన్‌ని అందని అలిగాను, రెండు రోజులు ఆవిడ బట్టలు కుట్టలేదు. వాళ్ళ వాయిద్యం అంది. వాళ్ళ. మరి తనది? తనది మధ్యలో ఆగేది కదా, ఠం అని ఒకటి పడి, ఆగి, టకి అని రెండు, ఠం, టకి, ఠం, టకి, గోడ అవతల నుంచి వినిపించేది, నేను దారం తెగి ఆపినప్పుడల్లా. దారం ఎక్కించే లోపు ఎంత వినిపిస్తే అంత. వెనక గదిలో కూర్చుని వాయించేది, ముందుగదిలో గిరాకీకి ఇబ్బందని డప్పు వెనక గుడ్డ కుక్కుకునేది, ఆ గుడ్డ జారిపోతోందంటే నేనే ఒక మెత్త కుట్టిచ్చాను, లోపల పీలికలు పెట్టి. వాయిస్తున్నప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్తే వీపు కనిపించేది. వెళ్ళిన అలికిడికి ఆపేసి, ఏం కావాలి అనేది. ఏం కావాలి, కాఫీయో కత్తెరో అని ఉంటాను. చేతులు నేనెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్ళలో ఆ చేతులు ఏం చేస్తున్నాయో చూడలేదు, వీపే చూశాను.

"ఆ చొక్కా ఎప్పటిది బావా? కొత్తది కుట్టుకోకూడదూ," అంది మరదలు, నా భుజం మీద దారప్పోగు తీస్తూ. "పాతదైనా గట్టిదే," అన్నాను, అని అలవాటుగా చెయ్యెత్తి చంక చూపించాను, కుట్టు చూడు ఎక్కడైనా వదిలిందా అని. వదల్లేదు. ఇన్ని నెలలు ఇదే చొక్కాతో వాయించాను, చంక కుట్టు చెక్కుచెదరలేదు. ఎందుకు చెదురుతుంది, మోచెయ్యి కదలకూడదు కదా. చెయ్యి దించబోయాను, దించలేదు. మా ఆవిడ బట్టలు. కుడిచంక. ఎడమది ఎప్పుడూ బాగానే ఉండేది, కుడిచంక కుట్టే వదిలేది, ప్రతి దానికీ, కొత్తదానికీ పాతదానికీ, రెండు వరసలు వేసినా వదిలేది, చివరికి కింద బొందు ముక్క పెట్టి కుట్టాను, ఆ కొస కూడా పిగిలింది. నువ్వేమైనా బావిలో నీళ్ళు తోడుతున్నావా ఒంటి చేత్తో, అని అడిగాను. మీ కుట్టే అంత, అంది. కుట్టు నాది, నా కుట్టు పోదు, మనిషి మోచెయ్యి పైకీ కిందికీ రోజూ ఆడితే పోతుంది. వీపు కనిపిస్తోంది ఇప్పుడు, గుమ్మంలోంచి, వీపు, కుడి మోచెయ్యి, అది లేస్తోంది, పడుతోంది, లేస్తోంది, తలుపు తడుతున్న మనిషి మోచెయ్యిలాగా. ఆనించిన చిటికెనవేలు లేదు, పొర్లింత లేదు. పైనుంచి కొట్టేది. ముసలమ్మల పద్ధతి. ఒక్క తొడుగు. మిగతా రెండూ పోలేదు, అవి ఎప్పుడూ లేవు. గోరు మీదికి పెట్టుకునేదే. నేను మొదటి రోజు పెట్టుకున్నది సరిగ్గానే పెట్టుకున్నాను, నవ్వి తీసి అటు తిప్పాను.

మరదలు నా చెయ్యి పట్టుకుని దించింది. "ఏమైంది బావా? గుండెల్లో నొప్పా?" కాదు, కాదు. గడియారంలో ముల్లు కిందికి దిగి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది. పెట్టె తెరిచాను, అరలోంచి తొడుగు తీశాను. రేకు ఆవిడ గోటి వంపు తిరిగి ఉంది, లోపలి వైపు పెట్టుకుంటే ఈ వంపు ఎందుకుంటుంది, కొలతలు తీసి బతికేవాడిని, ఈ వంపు నా కంటికి ఎందుకు ఆనలేదు. నా వేలు లావు, రెక్కలు విప్పి ఎక్కించాను, గోటి మీద కూర్చుంది. ఇప్పుడు ఎలా. కొట్టాలి. దేన్ని, ఏ తీగని, బొటనవేలు ఎక్కడుండాలి. మాస్టారు వాయించిన ఆ ఒక్క నిమిషం కావాలి నాకు, వర్షం వద్దు, సీటు వద్దు, ఆ చెయ్యి కావాలి, ఎంత లాగినా కిటికీయే వస్తోంది, కిటికీ, నీళ్ళు, సీటు. గుప్పిట సగం మూసినట్టుంది, అది గుర్తొస్తోంది, గోరు పడ్డాక చెయ్యి లేస్తుంటే ఎక్కడో టింగ్ మంది, చివర్న, పొట్టి తీగ, అంటే బొటనవేలు. కొట్టేటప్పుడా లేచేటప్పుడా? పెట్టె మూత మీద కొట్టి చూశాను. ఠం. మళ్ళీ ఠం, తర్వాత వేళ్ళు జార్చి ట, బొటనవేలితో కి. రాలేదు. ట వచ్చేసరికి బొటనవేలు గాల్లో ఉంటోంది, ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఊగుతోంది, అద్దెకొచ్చినవాడు ఇల్లు వెతుక్కుంటున్నట్టు. ఫోన్ చేశాను మాస్టారికి, మోగింది, మోగింది, ఎత్తలేదు, ఈ వేళ పాఠాలుంటాయి. ఠం, టకి. ఠం, ట. ఎదుటి బల్ల మీద ముసలాయన పేపరు దించి చూశాడు.

"ఏంటి బావా, గోక్కుంటున్నావా, కొట్టుకుంటున్నావా?"

"నేర్చుకుంటున్నాను."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇన్నాళ్ళూ నేర్చుకున్నది వేరే వాళ్ళది."

మరదలు లేచి నర్సు దగ్గరికి వెళ్ళి ఏదో బతిమాలింది, నర్సు గడియారం చూసి తల ఊపింది. ముందే వెళ్ళనిచ్చారు. తలుపు తోసుకుని వెళ్ళాను, మా ఆవిడ కళ్ళు తెరిచే ఉంది, పైకప్పు చూస్తోంది, నన్ను చూసిందో లేదో, పెట్టెని చూసింది, చూసి మొహం గోడవైపు తిప్పుకుంది, ఇంకా వాయించనే లేదు. వద్దులే అన్నట్టు. ఎడమపక్క కుర్చీలో కూర్చున్నాను, ఆవిడ బాగున్న చెయ్యి వైపు. బ్యాంజో ఒళ్ళో పెట్టుకున్నాను, మెత్త సరిచేశాను. ఠం. మూడో తీగకి తగలాల్సింది రెండోదానికి తగిలింది. ఠం. టక్. కి లేదు. ఠం. ట. బొటనవేలు గాల్లో. మళ్ళీ. ఠం, ట. చెవులు మూసుకునేలా ఉంది, గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఇంతకన్నా నయం. గోడవైపున్న మొహం కదల్లేదు. అయిపోయింది అనుకున్నాను, పద్ధతి తెలిసి ఏం లాభం, పద్ధతి తెలిసినవాడికీ చెయ్యి తెలిసినవాడికీ మధ్య ఏళ్ళుంటాయి, నా దగ్గర గంట కూడా లేదు. అయినా ఆపలేదు, ఆపితే ఏం చేయాలో తెలియక. ఠం, ట. ఠం, ట. ఆవిడ మెడ తిరిగింది. గోడవైపు నుంచి ఇటు. కళ్ళు నా మొహం మీద లేవు, నా చేతి మీద ఉన్నాయి. కనుబొమలు ముడిపడ్డాయి, ఆ ముడి నాకు తెలుసు, గుండీ ముడి అది, బజారులో నిలబెట్టే ముడి. దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి వచ్చింది, మెల్లగా, వచ్చి నా బొటనవేలు పట్టుకుంది. పట్టుకుని వంచింది. వంచి పొట్టి తీగ మీద ఆనించి నొక్కి ఉంచింది, అక్కడే ఉండు, ప్రతి దెబ్బకీ ఇక్కడికే వచ్చి కూర్చో అన్నట్టు. తర్వాత వదిలేసింది. కొట్టాను. గోరు తీగ మీద పడ్డప్పుడే బొటనవేలు కూడా తన చోట పడింది, చెయ్యి లేస్తుంటే దానంతట అదే టింగ్ మంది. ఠం, టకి. ఠం, టకి. ఆవిడ కళ్ళు మూసుకుంది.

నేను ఏడుస్తున్నానని మరదలు చెబితే తెలిసింది. చూశావా, నువ్వు చూశావా, అంటున్నాను. చూశాను బావా, చూశాను, అంటోంది తను. అప్పుడు తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది, వెనక ఇంకొకరు, ఇద్దరూ మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డారు. చెప్పాం, ఇద్దరం ఒకేసారి చెప్పాం, ఒకరి మాట మీద ఒకరు పడి, వేలు, బొటనవేలు, వంచింది, ఆనించింది. "ఇంటివాళ్ళు చూసింది నేను రాసుకోలేనమ్మా. నా ముందు చేయాలి," అంది డాక్టరమ్మ, విసుగు లేకుండానే అంది. "వాయించండి." వాయించాను. ఠం, టకి. బొటనవేలు ఆవిడ పెట్టిన చోటే పడుతోంది. ఠం, టకి, ఠం, టకి. జీవితంలో నేను సరిగ్గా వాయించింది ఇదే. ఆవిడ కదల్లేదు. కళ్ళు తెరవలేదు, చెయ్యి తేలేదు, ఊపిరి నిమ్మళంగా వస్తోంది, మొహంలో ముడి లేదు. డాక్టరమ్మ వంగి చూసింది, పేరు పెట్టి పిలిచింది, చెయ్యి ఎత్తమంది, ఎత్తలేదు. ఠం, టకి. పక్కనున్నావిడ గడియారం చూసింది. మరదలు అక్కా అక్కా అని గొణుగుతోంది. డాక్టరమ్మ నిటారుగా నిలబడి, పెన్ను జేబులో పెట్టుకోబోతూ, "బాగా వాయించారండీ," అంది, మెల్లగా, పోయినవాళ్ళింట్లో మాట్లాడినట్టు.

బాగా. బాగా వాయిస్తే ఆవిడ ఎందుకు లేస్తుంది? గుండీ సరిగ్గా పెట్టుకున్న రోజు నన్ను ఎప్పుడైనా ఆపిందా? "ఒక్క నిమిషం ఉండండమ్మా," అన్నాను. బొటనవేలు వద్దంటోంది, ఇంతసేపటికి దొరికిన చోటు అది, వదలనంటోంది. పొట్టి తీగ మీంచి దాన్ని లేపేశాను, గాల్లో పెట్టాను, మొదటి రోజు బడిపిల్లాడిలాగా ఊగనిచ్చాను, ఊగనిచ్చి మూడో తీగని కొట్టాల్సిన చోట రెండోదాన్ని కొట్టాను, గట్టిగా, వరండా అంతా వినిపించేలా. ఠం. ట. ఠం. ట. డాక్టరమ్మ మొహం చిట్లించింది. ఠం. ట. ఎంత దరిద్రంగా వాయించగలనో అంత దరిద్రంగా, ఆవిడ మొహమే చూస్తూ, కనుబొమల మధ్య చూస్తూ, రావే, రా, వచ్చి కొట్టు నన్ను, ఠం, ట, దుప్పటి అంచు దగ్గర గుడ్డ కదిలింది.